రెండు మీటర్లు, ఒక భాగహారం: వోల్టేజి, కరెంటుల నుంచి నిరోధం, పవరు కట్టిన డైరీ

పని ఇది: 12 వోల్టుల దగ్గర 24 వాట్లు ఇచ్చే చిన్న హీటరు తీగ తయారు చేయాలి. దాని నిరోధం ఎంతో, అది నిజంగా ఎన్ని వాట్లు తింటోందో వోల్టేజి, కరెంటు కొలిచి తేల్చాలి. సూత్రాలు బడి పుస్తకంలోవే. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, గుణిస్తే పవరు. చిక్కంతా సూత్రంలో పెట్టే అంకెల దగ్గరే ఉంది. ఏ రెండు బిందువుల మధ్య వోల్టేజి కొలిచామో, ఆ మధ్యన ఉన్న సరంజామా మొత్తానికి వర్తించే నిరోధమే వస్తుంది. మనం అనుకున్న వస్తువు ఒక్కదానిదే రావాలంటే ఆ రెండు బిందువులూ ఆ వస్తువు మీదే ఉండాలి. కింద రాసినదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగినదే.

సామగ్రి

15 వోల్టులు, 5 ఆంపియర్ల వరకు సర్దుకోగల డీసీ సప్లై. రెండు డిజిటల్ మల్టీమీటర్లు. 10 ఓముల 10 వాట్ల సిమెంటు రెసిస్టరు, 1 మెగా ఓం రెసిస్టరు, 12 వోల్టులు 21 వాట్లు అని ముద్ర ఉన్న వాహనపు బల్బు, 0.4 మిల్లీమీటర్ల నైక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రలోహం) తీగ, మైక్రోమీటరు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఒక పింగాణీ పలక.

మీటర్లు రెండు ఎందుకంటే, ఒక్కదానితో ముందు వోల్టేజి కొలిచి, తర్వాత దాన్నే సర్క్యూటు మధ్యలో పెట్టి కరెంటు కొలిస్తే ఆ రెండు అంకెలూ ఒకే సర్క్యూటువి కావు. మీటరు మధ్యలోకి వచ్చేసరికి దాని సొంత నిరోధం కలుస్తుంది. బ్యాటరీ వాడుతుంటే ఈలోపు దాని వోల్టేజి కూడా జారిపోతుంది. ఈ భాగహార సూత్రాన్ని కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ ఓమ్ పడిన తిప్పలు కూడా ఇవే. ఆయన మొదట వాడిన రసాయన ఘటాల వోల్టేజి నిలకడగా ఉండలేదు. 1826లో వాటిని పక్కన పెట్టి, రాగి, బిస్మత్ లోహాల అతుకులను ఒకటి మరిగే నీటిలో, ఒకటి మంచులో ఉంచి, ఆ ఉష్ణోగ్రతల తేడా పుట్టించే నిలకడైన వోల్టేజితో కొలతలు తీశాడు. ఇప్పుడు ఆ అవస్థ సప్లై పెట్టె తీర్చేస్తుంది.

రెండో కారణం భద్రత. ఆంపియర్ల సాకెట్లో ప్రోబు ఉండగానే వోల్టేజి కొలవబోతే మీటరు నేరుగా షార్టు అవుతుంది. అందుకే ఒక మీటరును కరెంటుకే కేటాయించి, దాని తీగలను కదపకుండా బిగించేశాను.

ఇక్కడ ఉన్నదంతా 15 వోల్టుల లోపు డీసీయే. ఇంటి కరెంటుతో ఈ పని వద్దు. ప్రమాదం ఒక్కటే కాదు. ఏసీలో మోటార్లు, అడాప్టర్ల లాంటి వాటికి వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేవి వోల్ట్-ఆంపియర్లు, వాట్లు కావు.

మొదటి దశ: 10 ఓములు 10.66 అయిన సంగతి

1. సప్లై, ఆమ్మీటరు (కరెంటుకు కేటాయించిన మీటరు), రెసిస్టరు వరసగా కలిపాను. తీగలు కొత్తవే, క్రొకడైల్ క్లిప్పులు ఉన్నవి.
2. సప్లై తెర మీద వోల్టేజి: 5.02.
3. ఆమ్మీటరు: 0.471 ఆంపియర్లు.
4. భాగిస్తే 10.66 ఓములు.

రెసిస్టరు మీద 5 శాతం అని ఉంది. అంటే 9.5 నుంచి 10.5 మధ్య ఉండాలి. 10.66 హద్దు దాటింది. రెసిస్టరును మార్చే ముందు వోల్ట్‌మీటరు ప్రోబులను సరిగ్గా దాని కాళ్ల మీద ఆనించి చూస్తే 4.70 వోల్టులే ఉన్నాయి. 4.70ని 0.471తో భాగిస్తే 9.98 ఓములు. రెసిస్టరు నిక్షేపంగా ఉంది. మిగిలిన 0.32 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి.

ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడానికి వేరే సాధనం అక్కర్లేదు. కరెంటు పారుతుండగానే వోల్ట్‌మీటరును ఒక్కో ముక్కకు రెండు చివరలా ఆనిస్తూ పోవాలి.

ఎర్ర తీగ: 0.113 వోల్టులు, అంటే 0.24 ఓములు
నల్ల తీగ: 0.127 వోల్టులు, అంటే 0.27 ఓములు
ఆమ్మీటరు, దాని ప్రోబులతో సహా: 0.061 వోల్టులు, అంటే 0.13 ఓములు
సప్లై టెర్మినళ్ల దగ్గర: 0.019 వోల్టులు, అంటే 0.04 ఓములు

అన్నీ కూడితే సరిగ్గా 0.32 వోల్టులు. దొంగలందరూ దొరికారు.

అరమీటరు కూడా లేని తీగకు పావు ఓం చాలా ఎక్కువ. తొడుగు వెనక్కి లాగి చూస్తే, వెంట్రుకల్లాంటి ఏడెనిమిది పోగుల్ని క్లిప్పు తోకలో మడిచి నొక్కారు, అంతే. సోల్డరు చుక్క లేదు. పోగుల దగ్గరకు అయస్కాంతం తెస్తే అతుక్కున్నాయి. పైన రాగి పూత, లోపల ఇనుము. క్లిప్పు తీగలు కొన్నవారెవరైనా ఈ అయస్కాంతం పరీక్ష చేసి చూడవచ్చు, క్షణంలో తేలిపోతుంది.

మార్పులు:

1. రెండు తీగలూ తీసేసి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఒక్కొక్కటి అరమీటరు, చివర్లు సోల్డరు చేసి పెట్టాను. లెక్క ప్రకారం ఒక్కోదానికి 0.006 ఓములు.
2. ఆమ్మీటరు ప్రోబులు తీసేసి అదే రాగి తీగను ప్లగ్గుకు సోల్డరు చేశాను. 0.13 కాస్తా 0.03కు దిగింది. మీటరు లోపలి షంటు (కరెంటు కొలవడానికి ఉంచే చిన్న నిరోధం), ఫ్యూజు నిరోధం మిగులుతుంది, దాన్ని తీసేయలేం.
3. టెర్మినళ్లను తుడిచి, తీగకు రింగు లగ్గు వేసి బిగించాను. 0.04 నుంచి 0.01.

దారి నిరోధం, ఇప్పటివరకు: 0.68 ఓములు → 0.18 → 0.05.

పవరు కూడా ఇక్కడే చూసుకోవాలి. పాత తీగలతో సప్లై ఇచ్చింది 5.02 × 0.471, అంటే 2.36 వాట్లు. రెసిస్టరుకు చేరింది 2.21. తేడా 0.15 వాట్లు తీగల్నీ క్లిప్పుల్నీ వేడి చేశాయి. ఈ అంకె చిన్నదే, కానీ కరెంటు రెట్టింపైతే ఇది నాలుగు రెట్లవుతుంది. హీటరుకు రెండు ఆంపియర్లు కావాలి కాబట్టి దీన్ని ఇక్కడే తేల్చుకోవడం మేలు.

రెండో దశ: పెద్ద నిరోధంతో లెక్క తిరగబడటం

మొదటి దశ చూసి 'ప్రోబులు ఎప్పుడూ వస్తువు మీదే పెట్టాలి' అని రాసిపెట్టుకుంటే 1 మెగా ఓం దగ్గర బోర్లా పడతాం.

10.00 వోల్టులు నేరుగా రెసిస్టరు మీద కొలిచాను. ఆమ్మీటరు మైక్రో ఆంపియర్ల రేంజిలో 11.0 చూపింది. భాగిస్తే 909 కిలో ఓములు. 1 శాతం రెసిస్టరుకు ఇది కుదరని మాట.

కారణం వోల్ట్‌మీటరే. దాని లోపలి నిరోధం 10 మెగా ఓములు. రెసిస్టరుకు సమాంతరంగా అది కూడా కొంత కరెంటు తాగుతుంది. 10 వోల్టుల దగ్గర సరిగ్గా 1 మైక్రో ఆంపియరు. ఆమ్మీటరుకు ఆ తేడా తెలియదు, మొత్తం కలిపి 11 అని చెప్పింది. వోల్ట్‌మీటరును ఆమ్మీటరుకు ఇవతలికి, అంటే సప్లై వైపుకు జరిపితే కరెంటు 10.0కు దిగింది, నిరోధం 1.00 మెగా ఓం వచ్చింది. ఈ అమరికలో ఆమ్మీటరు నిరోధం కూడా కలుస్తుంది. కానీ ఆ రేంజిలో అది 100 ఓములు, పది లక్షల ఓముల పక్కన లెక్కలోకే రాదు.

ఏది ఎప్పుడు వాడాలి? ఆమ్మీటరు నిరోధాన్ని వోల్ట్‌మీటరు నిరోధంతో గుణించి వర్గమూలం తీస్తే సరిహద్దు వస్తుంది. మైక్రో ఆంపియర్ల రేంజిలో 100 ఓములు, 10 మెగా ఓములు కలిసి దాదాపు 32 కిలో ఓములు. ఆంపియర్ల రేంజిలో 0.03 ఓములతో కట్టితే సుమారు 550 ఓములు. దానికంటే చిన్న నిరోధమైతే ప్రోబులు వస్తువు మీద, పెద్దదైతే ఆమ్మీటరుకు ఇవతల. హీటరుకు కావాల్సింది 6 ఓములే కనుక ఇక మీదట ప్రోబులు వస్తువు మీదే.

ఈ దశలోనే పావు వాట్ 100 ఓముల రెసిస్టరు ఒకటి 12 వోల్టులకు బలైంది. 12 × 12 ÷ 100, అంటే 1.44 వాట్లు. అది భరించగలిగేది 0.25. ముందు రంగుల గీతలు నల్లబడ్డాయి, తర్వాత వాసన. తగిలించబోయే ముందే వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించి చూసుకోవాలి.

మూడో దశ: బల్బు

హీటరు తీగ వేడెక్కితే నిరోధం ఎంత మారుతుందో తెలుసుకోవాలి. దానికి ముందు, ఆ మార్పు కొట్టొచ్చినట్టు కనిపించే టంగ్‌స్టన్ తీగతో అమరికను పరీక్షించడం మంచిదనిపించింది. వోల్టేజి కొలిచే సన్న తీగలను బల్బు అడుగునే విడిగా సోల్డరు చేశాను. హోల్డరు వాడలేదు, హోల్డరు స్ప్రింగు కూడా ఒక నిరోధమే.

0.02 వోల్టులు, 0.040 ఆంపియర్లు: 0.50 ఓములు, 0.0008 వాట్లు
0.10 వోల్టులు, 0.18 ఆంపియర్లు: 0.56 ఓములు, 0.018 వాట్లు
1.00 వోల్టు, 0.49 ఆంపియర్లు: 2.04 ఓములు, 0.49 వాట్లు
3.00 వోల్టులు, 0.86 ఆంపియర్లు: 3.49 ఓములు, 2.58 వాట్లు
6.00 వోల్టులు, 1.26 ఆంపియర్లు: 4.76 ఓములు, 7.56 వాట్లు
9.00 వోల్టులు, 1.57 ఆంపియర్లు: 5.73 ఓములు, 14.1 వాట్లు
12.00 వోల్టులు, 1.84 ఆంపియర్లు: 6.52 ఓములు, 22.1 వాట్లు

మొదటి రెండు వరసలూ మిల్లీవోల్టుల రేంజిలో తీసినవి. 20 వోల్టుల రేంజిలో చివరి అంకె 0.01 కాబట్టి అక్కడ 0.02 అనే కొలతకు విలువే లేదు.

ఈ పట్టికలో నాకు బాగా నచ్చింది రెండో వరస. కంటికి ఏ వెలుగూ కనిపించదు, బల్బు చల్లగానే ఉంటుంది. అయినా 0.018 వాట్లకే నిరోధం 12 శాతం పెరిగిపోయింది. గది ఉష్ణోగ్రత దగ్గర టంగ్‌స్టన్ నిరోధం డిగ్రీకి దాదాపు 0.45 శాతం పెరుగుతుంది కాబట్టి, ఫిలమెంటు పాతిక డిగ్రీలకు పైనే వేడెక్కిందన్నమాట. నిరోధం కొలవడానికి పంపిన కరెంటే నిరోధాన్ని మార్చేస్తోంది. 'చల్లటి నిరోధం' కావాలంటే కరెంటు తగ్గించుకుంటూ పోయి, అంకె కదలడం మానేసే చోట ఆగాలి.

రెండు తప్పుడు లెక్కలు ఈ పట్టిక చూస్తే తేలిగ్గా పుడతాయి.

మొదటిది: చల్లటి 0.50 ఓములు తీసుకుని 12 వోల్టులకు పవరు కట్టితే 288 వాట్లు వస్తుంది. బల్బు 22 వాట్లే తింటుంది. అలాగని 288 పూర్తిగా కల్పన కాదు. స్విచ్చి వేసిన మొదటి క్షణంలో ఫిలమెంటు నిజంగానే 24 ఆంపియర్లు అడుగుతుంది. నా సప్లై 5 దాటనివ్వదు. అందుకే నేరుగా 12 వోల్టుల దగ్గర స్విచ్చి వేస్తే వోల్టేజి ఒక్కసారి కిందికి పడి మళ్లీ లేచేది, కరెంటు హద్దు దీపం మిణుకుమనేది. సప్లై పాడైందేమోనని వెతకక్కర్లేదు. సున్నా నుంచి మెల్లగా పెంచితే ఆ గొడవ లేదు.

రెండోది: వోల్టేజి 6 నుంచి 12కు రెట్టింపైతే పవరు నాలుగు రెట్లవుతుందని అనుకోవడం. అది నిరోధం మారనప్పటి మాట. ఇక్కడ 7.56 నుంచి 22.1, అంటే 2.9 రెట్లే.

ఇంకో సరదా లెక్క. వేడి నిరోధం, చల్లటి నిరోధం నిష్పత్తి 6.52 ÷ 0.50, అంటే 13. టంగ్‌స్టన్ పట్టికల్లో ఈ నిష్పత్తి 2500 కెల్విన్ దగ్గర ఉంటుంది. ఆ 0.45 శాతాన్నే చివరిదాకా సాగదీసి లెక్కిస్తే 2950 దాటిపోతుంది. గది ఉష్ణోగ్రత దగ్గరి గుణకం అంత వేడిలో పనికిరాదు. గాజు బుడ్డి లోపలికి థర్మామీటరు పెట్టకుండానే రెండు భాగహారాలతో ఉష్ణోగ్రత తెలిసిపోవడం మాత్రం బాగుంది.

నాలుగో దశ: నైక్రోమ్, అతుకుల తంటా

12 వోల్టులకు 24 వాట్లు కావాలంటే 2 ఆంపియర్లు, 6 ఓములు.

1. నైక్రోమ్ నిరోధకత (తీగ కొలతలతో సంబంధం లేని, లోహానికే చెందిన గుణం) సుమారు 1.1 మైక్రో ఓం-మీటర్లు. 0.4 మిల్లీమీటర్ల తీగకు మీటరుకు 8.75 ఓములు వస్తుంది.
2. మైక్రోమీటరుతో చూస్తే తీగ 0.41 ఉంది. వ్యాసం చూడటానికి రెండున్నర శాతమే ఎక్కువ. కానీ వైశాల్యం వర్గంతో పోతుంది కాబట్టి అంచనా మీటరుకు 8.33కు పడింది.
3. తర్వాత కరెంటు పంపి కొలిస్తే చల్లగా ఉన్నప్పుడు మీటరుకు 8.41. చీటీ మీది అంకెను నమ్మకుండా కొలిచిన వ్యాసాన్ని నమ్మితే ఒక్క శాతం తేడాలో దొరికింది.

తీగకు మెలిక కోసం కాస్త ఎక్కువ వదిలి, రెండు చివరల మధ్య 71 సెంటీమీటర్లు ఉండేలా పింగాణీ పలక మీద చుట్టాను. చివర్లను రాగి తీగకు సోల్డరు చేశాను. అసలు కష్టం ఇక్కడ మొదలైంది.

నైక్రోమ్ పైన క్రోమియం ఆక్సైడు పొర ఉంటుంది. మామూలు ఫ్లక్సుతో (సోల్డరు పట్టడానికి రాసే పదార్థం) సోల్డరు దానికి అంటుకోదు. చుక్క గుండ్రంగా తీగ చుట్టూ కూర్చుంటుంది, పట్టినట్టే కనిపిస్తుంది, గోటితో తోస్తే జారుతుంది. ఆ స్థితిలో కొలతలు:

సప్లై: 12.00 వోల్టులు, 1.83 ఆంపియర్లు
నైక్రోమ్ మీద: 11.31 వోల్టులు
ఎడమ అతుకు: 0.35 వోల్టులు
కుడి అతుకు: 0.25 వోల్టులు
మిగతా దారి: 0.09 వోల్టులు

అతుకులు రెండింటిలో 0.60 × 1.83, అంటే 1.1 వాట్లు కాలిపోతున్నాయి. గోధుమ గింజంత చోటులో ఒక వాట్ చాలా వేడి. చూస్తుండగానే ఎడమ అతుకు దగ్గర 0.35 కాస్తా 0.41, 0.48 అని ఎక్కుతూ పోయింది. వేడికి అతుకు ఇంకా వదులవుతుంది, నిరోధం పెరుగుతుంది, దాంతో ఇంకా వేడి పుడుతుంది. సోల్డరు మెత్తబడక ముందే సప్లై కట్టేశాను.

తర్వాత ప్లాస్టిక్ టెర్మినల్ బ్లాకు పెట్టి చూశాను. వోల్టేజి పరంగా అతుకు బాగానే ఉంది, కానీ తీగలోంచి పాకి వచ్చిన వేడికి ప్లాస్టిక్ మెత్తబడి స్క్రూ పట్టు సడలింది. అదీ తీసేశాను.

నిలబడిన పద్ధతి:

1. పింగాణీ బ్లాకులో ఇత్తడి స్క్రూ.
2. నైక్రోమ్ చివరను గరుకు కాగితంతో రుద్ది, వెనక్కి మడిచి రెండు పేటలుగా మెలిపెట్టాలి. రెండు పేటల చోట నిరోధం సగమవుతుంది, చివర వేడి తగ్గుతుంది.
3. రెండు వాషర్ల మధ్య బిగించాలి. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ ఒక పట్టు బిగించాలి.
4. వోల్ట్‌మీటరు సన్న తీగలను స్క్రూకు కాకుండా, మెలిక అయిపోయిన చోట నైక్రోమ్‌కే చుట్టాలి.

ఇప్పుడు 12.00 వోల్టులకు 1.92 ఆంపియర్లు. నైక్రోమ్ మీద 11.87 వోల్టులు, అతుకుల్లో చెరో 0.02, దారిలో 0.09. నిరోధం 6.18 ఓములు, పవరు 22.8 వాట్లు.

నైక్రోమ్‌కు అందిన పవరు, ఇప్పటివరకు: సోల్డరుతో 20.7 వాట్లు → ఇత్తడి స్క్రూతో 22.8.

ఐదో దశ: పొడవు సర్దడం

వేడిగా 71 సెంటీమీటర్లకు 6.18 ఓములు కదా, 68కి 5.92 రావాలి. చివర మూడు సెంటీమీటర్లు లోపలికి జరిపి బిగించాను.

చల్లగా: 0.100 ఆంపియర్లు పంపితే 0.572 వోల్టులు, 5.72 ఓములు
వేడిగా: 2.00 ఆంపియర్లకు 11.86 వోల్టులు, 5.93 ఓములు, 23.7 వాట్లు

బల్బులో 13 రెట్లు పెరిగిన నిరోధం ఇక్కడ 4 శాతం కూడా పెరగలేదు. హీటర్లలో నైక్రోమ్ వాడటానికి ఇదొక కారణం. చల్లగా కొలిచిన నిరోధంతో కట్టినా పవరు లెక్క పెద్దగా తప్పదు. తీగ ఎర్రబడలేదు కదా అని చెయ్యి పెట్టకండి, రంగు మారకముందే చర్మం కాలేంత వేడిగా ఉంటుంది.

24కు ఇంకా 0.3 వాట్లు తక్కువ. ఇంకో సెంటీమీటరు తగ్గిద్దామా అని స్క్రూ వదులు చేసేముందు మీటర్ల పుస్తకాలు చూశాను. వోల్టేజికి 0.5 శాతం, 10 ఆంపియర్ల రేంజికి 2 శాతం తేడా ఉండవచ్చని ఉంది. రెండు మీటర్లనూ వరసగా పెట్టి ఒకే కరెంటు పంపితే ఒకటి 2.00 అంది, రెండోది 2.03 అంది. ఏది నిజమో నా దగ్గర ఉన్నవాటితో తేలదు. గుణించినా, భాగించినా శాతాలు కలుస్తాయి, గరిష్ఠంగా 2.5 శాతం. అంటే పవరు 23.1 నుంచి 24.3 వాట్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, నిరోధం 5.78 నుంచి 6.08 మధ్య. ఒక సెంటీమీటరు తీగ మార్చేది ఒకటిన్నర శాతమే, మీటర్ల తేడా కంటే తక్కువ. స్క్రూలు మళ్లీ బిగించి, పలక మీద '5.9 ఓములు, 24 వాట్లు' అని రాసి పక్కన పెట్టాను. పుల్లలా మిగిలిన నైక్రోమ్ ముక్కలను పారేయకండి. ఏడు సెంటీమీటర్ల ముక్క దాదాపు 0.6 ఓములు, ఇంకో అమరికలో షంటుగా పనికొస్తుంది.